యోగ్యతాపత్రం

మా మనవరాలు జర్మనీలో ఒక విశ్వవిద్యాలయానికి పన్నెండు వారాలపాటు పరిశోధన నేర్చుకోవడానికి వెళ్లాలనుకుంది. పన్నెండు వారాలంటే 84 రోజులు. ఆ 84 రోజుల కోసం మా ఇల్లు దరిదాపు ఎనిమిది నెలలు ఒంటికాలి మీద నిలబడింది.

పూర్వం కాశీకి వెళ్లేవాళ్లు అప్పులు తీర్చి, పంపకాలు చేసి, తిరిగి రామన్న లెక్కలోనే బయల్దేరేవాళ్లని మా అమ్మమ్మ చెప్పేది. ఇప్పుడు చదువు కోసం దేశం దాటేవాళ్లది దానికి సరిగ్గా తలకిందుల వ్యవహారం. అప్పు చేసయినా సరే, బ్యాంకులో సొమ్మున్నట్టు కనపడాలి. తప్పకుండా తిరిగి వస్తామని నమ్మించాలి. అక్కడ జబ్బు చేస్తే ఖర్చు వాళ్ల నెత్తిన పడదని 30,000 యూరోల బీమా చూపించాలి. తొంభై రోజుల లోపయితే ఒక జాతి వీసా, దాటితే ఇంకో జాతి. కాలేజీవాళ్లు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అభ్యంతరం లేదని రాయడానికి వాళ్లకున్న అభ్యంతరాలన్నీ తీరేసరికి మూడు వారాలు పట్టింది. ఇక ఇంటిపేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. పదో తరగతి సర్టిఫికెట్లో ముందుంది, పాస్‌పోర్టులో చివరికి పోయింది, ఆధార్ కార్డులో ఒక్క పొడి అక్షరమై కూచుంది. ఈ ముగ్గురమ్మాయిలూ ఒక్కతేనని నోటరీ దగ్గర ప్రమాణం చేయించి, దాని మీద ముద్ర కొట్టించుకొచ్చాడు మా అబ్బాయి.

"ఎనభై నాలుగు రోజుల్లో అదేం నేర్చుకుంటుందండీ, అన్నం వార్చుకోవడం తప్ప?" అంది మా ఆవిడ.

రిటైరయినా నేను రసాయనశాస్త్రం మాస్టర్నే గనుక జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. 1921లో సి.వి. రామన్ కలకత్తా విశ్వవిద్యాలయం తరఫున ఆక్స్‌ఫర్డులో జరిగిన ఒక సభకి వెళ్లాడు. అదీ ముక్తసరి ప్రయాణమే. తిరిగొచ్చేటప్పుడు ఓడ మీంచి మధ్యధరా సముద్రం నీలాన్ని చూశాడు. ఆ నీలం ఆకాశానిదే, నీళ్లలో ప్రతిఫలిస్తోందంతే అని అంతకుముందు రేలీ అనే మహానుభావుడు చెప్పి ఉన్నాడు. రామన్ దగ్గర నికోల్ పట్టకం ఒకటుంది. దాంతో ఆకాశపు ప్రతిబింబాన్ని అడ్డుకుని చూస్తే, సముద్రం ఇంకా నీలంగానే ఉంది. నీటి అణువులే వెలుగుని చెదరగొడుతున్నాయన్నమాట. ఆ దారినే పోయి పోయి 1928 ఫిబ్రవరి 28న తన పేరున నిలిచిన ఫలితాన్ని పట్టుకున్నాడు. చూడు, ఎన్ని రోజులున్నావన్నది కాదు, జేబులో ఏం పెట్టుకెళ్లావన్నది లెక్క, అన్నాను.

"అయితే దానికీ ఒక పట్టకం కొనిపెట్టండి" అని లోపలికి పోయింది. మా ఆవిడతో వాదించి గెలవడం నాకు చేతకాదు. అదలా ఉంచండి.

డబ్బూ వీసాలూ కంగారు పెడతాయి గాని మనసుని కలవరపెట్టవు. నన్ను కలవరపెట్టినవి మూడు కాగితాలు. ఒకటి, నేనెవర్ని, ఏమేం చేశాను అని చెప్పుకునేది. రెండోది, ఎందుకొస్తానంటున్నానో విన్నవించుకునేది. మూడోది మాస్టారు రాసిచ్చే యోగ్యతాపత్రం. మొదటి రెండింటిలో మనల్ని మనం పొగుడుకోవాలి, మూడోదాంట్లో ఇంకొకరి చేత పొగిడించుకోవాలి. ఈ మూడూ సరిగ్గా కుదిరితే తప్ప అక్కడి ఆచార్యుడు మన మొహం చూడడు.

ఆత్మస్తుతి గురించి మనవాళ్లు ఏమనుకున్నారో తెలుసుకోవాలంటే భారతంలో కర్ణపర్వం చాలు. కర్ణుడి చేతిలో దెబ్బలు తిని ధర్మరాజు శిబిరానికి వచ్చేస్తాడు. అన్నగారు ఎలా ఉన్నారో చూద్దామని అర్జునుడు వస్తాడు. కర్ణుణ్ని చంపే వచ్చాడనుకుని సంతోషించిన ధర్మరాజు, కాదని తెలిసేసరికి, ఆ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యి అని నోరు జారతాడు. ఆ మాట అన్నవాణ్ని చంపుతానని అర్జునుడికి ఎప్పటినుంచో ఒక ప్రతిజ్ఞ. కత్తి దూస్తాడు. కృష్ణుడు అడ్డుపడి, పెద్దవాణ్ని ఏకవచనంలో నాలుగు మాటలను, చంపినట్టే లెక్క, అంటాడు. అర్జునుడు అనేస్తాడు. అన్నాక సిగ్గేసి, ఇక బతకను, నన్ను నేనే పొడుచుకుంటానని మళ్లీ కత్తి తీస్తాడు. దానికీ కృష్ణుడి దగ్గర ఉపాయముంది. నీ గొప్పలు నువ్వే చెప్పుకో, నిన్ను నువ్వు చంపుకున్నట్టే, అంటాడు.

మా మనవరాలికి ఈ కథ చెప్పాను. అది అంతా విని, "తాతయ్యా, ఈ ఫారంలో ఆ గడి నింపకపోతే ముందుకు పోదు" అంది.

ఆ గడి నింపడంలో ఇంకో చిక్కు వచ్చింది. వీళ్ల ప్రాజెక్టు ఏమిటంటే, చింతపిక్కల్ని కాల్చి బొగ్గుచేసి, దాంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడం. మా ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతం వాళ్లకి ఫ్లోరైడ్ అంటే ఏమిటో పుస్తకం చూసి తెలుసుకోవలసిన పనిలేదు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి. అంతకు బాగా మించితే ఎముకలు బిగుసుకుపోతాయి, మోకాళ్లు వంగుతాయి. ఈ వ్యాధిని మన దేశంలో మొట్టమొదట వైద్యులు గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఇప్పుడు ప్రకాశంలో కలిసిన ఊళ్లు కొన్ని ఆనాడు అందులోవే.

ఈ ప్రాజెక్టు చేసింది ఇద్దరు. మా అమ్మాయీ, కనిగిరి వైపు నుంచి వచ్చిన దాని స్నేహితురాలూ. సీసాలు పట్టుకుని ఎండలో ముప్పై రెండు బోర్ల దగ్గర నీళ్లు పట్టింది ఆ పిల్ల. వాళ్ల ఊళ్లు, వాళ్ల బంధువులు, వాళ్ల బస్సులు. లేబొరేటరీలో కొలిచి, లెక్కలు వేసి, గ్రాఫులు గీసింది మా అమ్మాయి. చింతపిక్కలు వేయించింది ఇద్దరూ కలిసి, మా వంటింట్లో. ఆ వాసన వారం రోజులు పోలేదు.

తెలుగులో మనకి 'మేము' ఉంది, 'మనం' ఉంది. ఎదుటివాణ్ని విడిచిపెడితే మేము, కలుపుకుంటే మనం. ఇంగ్లీషువాడికి రెండింటికీ ఒకటే మాట. అయితే ఈ దరఖాస్తుల్లో ఆ ఒక్కటీ పనికిరాదట. 'మేం చేశాం' అని రాస్తే, నువ్వేం చేశావో తెలియలేదని పక్కన పెడతారట. 'ఐ' అనాలట. వాక్యం నడిమధ్యలో ఎక్కడొచ్చినా సరే, ఆ 'ఐ'ని పెద్దక్షరంతోనే రాస్తారు చూశారా! అలా తొమ్మిది 'ఐ'లతో మా అమ్మాయి ఒక పేజీ తయారుచేసింది. నీళ్లు పట్టింది నేను, కొలిచింది నేను, వేయించింది నేను. చదివి చూస్తే ఒక్క అబద్ధం లేదు. ఒకట్రెండు బోర్ల దగ్గరికి ఇదీ వెళ్లింది మరి.

అసలు గొడవ రెండో కాగితం దగ్గర వచ్చింది. ఎందుకొస్తానంటున్నావో చెప్పేటప్పుడు సొంత జీవితంలోంచి ఒక సంఘటనతో మొదలుపెడితే చదివేవాడి మనసు కరుగుతుందని ఎవరో సలహా చెప్పారట. ఒక సాయంత్రం వరండాలో కూచుని, ఇంగ్లీషులో రాసుకున్నది మాకోసం తెలుగు చేస్తూ చదివింది. మా ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటోంది.

"మా నాయనమ్మ మోకాళ్లు వంగిపోయి, ఒకరు పట్టుకుంటే గాని మంచం దిగలేకపోవడం చిన్నప్పటినుంచీ చూస్తూ..."

"ఎవరే ఆ నాయనమ్మ?" అంది మా ఆవిడ, చేతిలో కాయ వదిలేసి. "నా మోకాళ్లకేమొచ్చింది? మొన్న కార్తీకంలో కొండెక్కి దిగలా?"

"నువ్వు కాదు నాయనమ్మా. అది... దాని నాయనమ్మ."

"మరి దాని నాయనమ్మ నీ కాగితంలోకి ఎందుకొచ్చింది?"

"అదే రాసుకోమంది. అడిగే రాశాను."

ఇక్కడ నేను మధ్యవర్తిగా ఏదో ఒకటి అనాలి కదా. అనలేకపోయాను. ఎందుకంటే ఆలోచించినకొద్దీ ఇది అనుకున్నంత తేలిక వ్యవహారం కాదు. దొంగతనమంటే సొంతదారు ఇష్టం లేకుండా తీసుకోవడం. ఇక్కడ సొంతదారు సంతోషంగా ఇచ్చింది. మర్నాడు ఆ పిల్ల మా ఇంటికొస్తే నేనే అడిగాను. "నాకు పాస్‌పోర్టే లేదు తాతగారూ. నేను పెట్టుకోని దరఖాస్తుకి మా నాయనమ్మ ఎందుకు? దీనికి పనికొస్తే రాసుకోనీండి. ఇది వెళ్తే నేను వెళ్లినట్టే" అంది. ఆ మాటలో ఈర్ష్య లేదు, త్యాగం చేస్తున్నానన్న బింకం కూడా లేదు. పుస్తకం అరువిచ్చినట్టు ఇచ్చింది.

కాని నాయనమ్మ పుస్తకమా? ఆ ముసలావిడ ఒకావిడ ఉంది కదా, కనిగిరి దగ్గర ఒక పల్లెలో, నులకమంచం మీద. ఆవిణ్ని ఎవరూ అడగలేదు. అడిగితే బహుశా ఆవిడా రాసుకోమనేదే. ఆవిడ నొప్పి ఇలా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారి, జర్మనీలో ఒక ఆచార్యుడి గుండె తలుపు తట్టడానికి పనికి రావడం నాకెందుకో మింగుడు పడలేదు. మా ఆవిడ మాత్రం ఇంత దూరం ఆలోచించలేదు. "ఉన్న నాయనమ్మని ఉంచుకుని ఇంకోళ్ల నాయనమ్మని చెప్పుకోవడమేమిటి, దరిద్రం!" అని చిక్కుళ్లు తీసుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి మనవరాలు ఆ పేరా కొట్టేసింది. నైతిక విచారం వల్ల కాదు, నాయనమ్మ అలిగిందని.

ఇక మూడో కాగితం. దాన్ని గురించి చెప్పేముందు కొంత సంకోచంగా ఉంది, ఎందుకంటే ఇందులో ముద్దాయిని నేనే.

వాళ్ల మాస్టారు చాలా పనులున్నవాడు. "నువ్వే రాసుకురామ్మా, చూసి సంతకం పెడతాను" అన్నాడట. ఇది ఆయనొక్కడి అలవాటు కాదు లెండి. అమ్మాయి ఏం చెయ్యాలో తోచక, "తాతయ్యా, నువ్వు ఇలాంటివి బోలెడు రాసుంటావుగా" అని నా దగ్గరికొచ్చింది. నేను ఉత్సాహంగా కలం తీశాను. అరగంటలో పేజీ నిండింది. అసాధారణ ప్రతిభ, అపారమైన జిజ్ఞాస, నా ముప్పై ఏళ్ల అనుభవంలో ఇటువంటి విద్యార్థిని... అన్నట్టు వాళ్ల మాస్టారికి నలభై ఏళ్లు కూడా ఉండవు, ముప్పై ఏళ్ల అనుభవం నాది. ఆ మాట కొట్టేస్తుండగా చెయ్యి ఆగిపోయింది.

1986లో నేను ఒక కాలేజీలో పనిచేస్తున్నాను. ఒక కుర్రాడు, పొగాకు రైతు కొడుకు, అమెరికాలో పై చదువుకి నాలుగు విశ్వవిద్యాలయాలకి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఫీజు వేతనం కూడా వాళ్లే ఇస్తేనే వెళ్లగలడు. నన్ను యోగ్యతాపత్రం అడిగాడు. నాకు ఆ రోజుల్లో నిజాయితీ అంటే మహా పట్టుదల. తోటి మాస్టర్లు అందర్నీ మేధావులని రాసిస్తుంటే నాకు ఒళ్లు మండేది. అంచేత నాలుగు వాక్యాలు రాశాను. క్రమం తప్పక వస్తాడు. శ్రద్ధ గలవాడు. సిద్ధాంత విషయాల్లో మధ్యరకం. ప్రయోగాల్లో సంతృప్తికరం. ఆఫీసులో టైపు చేయించి, కవర్లో పెట్టి, నాలుగు కవర్ల మీదా అంటించినచోట సంతకం చేసి అతని చేతికిచ్చాను. తెరవకూడదు గనుక అతను తెరవలేదు. నాలుగు చోట్లనుంచీ పల్చటి కవర్లే వచ్చాయి. ఇచ్చేవాళ్లు లావుపాటి కవర్లు పంపుతారని అప్పట్లో పిల్లలందరికీ తెలుసు.

నా నాలుగు వాక్యాల వల్లే రాలేదని నేను చెప్పలేను. మరి వాటివల్ల కాదని కూడా చెప్పలేను.

చాలాకాలం నన్ను నేను ఇలా సమర్థించుకున్నాను: నేను రాసింది నిజం. నిజం రాసినవాడిది తప్పెలా అవుతుంది? కాని మాటకి విలువ మాటలో లేదు, అందరూ దాన్ని ఏ ధరకి మారుస్తున్నారన్నదాంట్లో ఉంది. పెళ్లి సంబంధాల ఉత్తరాలు చూడండి. 'చామనఛాయ' అని రాస్తే నలుపని అర్థం. 'నలుపు' అని ఎవరైనా సత్యసంధుడు రాసి పంపితే, చదివేవాళ్లు ఎంత నలుపో ఊహించుకుని హడలిపోతారు. ఆ పిల్లకి అతను చేసింది న్యాయమా? అలాగే అందరూ 'అసాధారణం' అని రాసేచోట 'శ్రద్ధ గలవాడు' అంటే, ఇంతకంటే చెప్పడానికేం లేదని అర్థం. ధర్మరాజు ఉన్నమాటే అని అబద్ధం వినిపించాడు, ఏనుగు సంగతి మెల్లిగా అని. నేను గట్టిగానే అన్నాను, ఫలితం మాత్రం అదే.

సరే, అయితే పొగడ్తలే రాద్దామా? దానికీ మనసొప్పదు. అక్కడున్న చోట్లు లెక్కపెట్టినన్నే. నేను మా మనవరాలికి తగిలించిన ఒక్కొక్క విశేషణం ఇంకెవరి మనవరాల్నో ఒక్కో మెట్టు కిందికి తోస్తుంది. ఆ పిల్ల నాకు కనపడదు కాబట్టి పాపం తక్కువగా కనిపిస్తుంది, అంతే. పైపెచ్చు, పొగాకు రైతు కొడుక్కి నిక్కచ్చిగా తూచి ఇచ్చిన త్రాసే, సొంత మనవరాలొచ్చేసరికి నా చేతిలో ఒకవైపుకి వాలింది. అది నిజాయితీ మీద ప్రేమ అని ఇన్నాళ్లూ అనుకున్నాను. పరాయివాడి మీద ఖర్చు పెట్టినప్పుడే నాకు నిజాయితీ అంత చవగ్గా దొరికిందని, ఆ రాత్రి ఆ సగం కొట్టేసిన పేజీ ముందు కూచున్నప్పుడు గాని తెలియలేదు.

నిద్ర పట్టక సత్యేంద్రనాథ్ బోసుని తలుచుకున్నాను. 1924లో ఢాకాలో ఉద్యోగం చేస్తున్న బోసు తన వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కి పంపించాడు. ఆ ఉత్తరంలో తన గొప్పలేం లేవు. మీరు నన్నెరగరు, అయినా మేమంతా మీ రచనలు చదువుకున్న శిష్యులమే గనుక అడుగుతున్నానన్నాడు. దీన్ని తర్జుమా చేసేటంత జర్మను నాకు రాదని ఒప్పుకున్నాడు. ఇవాళ అయితే అలా ఒప్పుకునే వాక్యాన్ని దరఖాస్తులోంచి తీసెయ్యమని సలహా ఇస్తారు. ఐన్‌స్టీన్ తానే జర్మనులోకి తర్జుమా చేసి అచ్చుకిచ్చి, ఒక పోస్టుకార్డు రాశాడు. ఆ కార్డు పుణ్యమా అని ఢాకా విశ్వవిద్యాలయం రెండేళ్లు సెలవిచ్చింది. జర్మను కాన్సలేటువాళ్లు ఆ కార్డు చూసి రుసుము కూడా పుచ్చుకోకుండా వీసా ఇచ్చారంటారు. మేం పోగుచేసిన ఫైలు మందం తలుచుకుంటే ఆ కార్డు మీద నాకు అసూయ పుట్టింది. పారిస్‌లో బోసు మేరీ క్యూరీని కలిస్తే, ముందు కొన్ని నెలలు ఫ్రెంచి నేర్చుకుని రండి అని ఆవిడ చాలాసేపు ఇంగ్లీషులో హితబోధ చేసిందట. బోసుకి ఫ్రెంచి వచ్చు. ఆ మాట చెప్పుకోవడానికి ఆయనకి నోరు రాలేదు. రానిది రాదన్నాడు, వచ్చినది వచ్చనలేకపోయాడు. కర్ణపర్వం చదివిన దేశంవాడు మరి!

కాని నాకు పనికొచ్చింది ఆ పోస్టుకార్డు. అందులో బోసు మేధావి అని లేదు. మీ వ్యాసం తర్జుమా చేశాను, అచ్చుకిచ్చాను, అది ముఖ్యమైన ముందడుగు, అని ఉంది. అంటే, నేను చదివాను అని ఉంది. మనిషికి మార్కులు వెయ్యలేదు, పనికి సాక్ష్యం పలికాడు.

ఇది తట్టాక 1986 మళ్లీ కళ్ల ముందుకొచ్చింది, ఈసారి ఇంకో రకంగా. ఆ రోజుల్లో మా లేబొరేటరీలో డిస్టిల్డ్ వాటర్ తీసే యంత్రం చెడిపోయి రెండు వేసవులు అలాగే పడి ఉంది. ఆ కుర్రాడు కిరసనాయిలు స్టవ్వు మీద డబ్బా పెట్టి, బీటవారిన గాజు కండెన్సరుకి సైకిలు ట్యూబు ముక్క చుట్టి, రోజూ పొద్దున్నే ఆరింటికి వచ్చి నీళ్లు తీసేవాడు. తీసినవాటిని ముందు సిల్వర్ నైట్రేటు చుక్క వేసి పరీక్షించేవాడు. తెల్లగా విరిగితే పారబోసి మళ్లీ మొదలు. స్వచ్ఛంగా నిలిచినవే మిగతా పిల్లలకి పంచేవాడు. నేను చూశాను. రెండేళ్లు ఆ నీళ్లతోనే పాఠం చెప్పాను. ఉత్తరంలో రాయలేదు. రాయాలని తోచనేలేదు, ఎందుకంటే అది సిలబసులో లేదు. 'ప్రయోగాల్లో సంతృప్తికరం' అని రాసి, నిజం చెప్పానని గర్వపడ్డాను. విశేషణం పెంచకపోవడం కాదు నా తప్పు. కూచుని గుర్తు చేసుకోవడానికి ఇంకో పావుగంట ఖర్చు పెట్టలేదు. నేను నిజాయితీ అని పిలుచుకున్నదాంట్లో సగం బద్ధకమే.

మర్నాడు పొద్దున్నే అమ్మాయిని కూచోబెట్టి ప్రశ్నలడిగాను. ఏ రోజున ఏం చేశావు? ఎక్కడ తప్పొచ్చింది? తప్పని ఎవరు కనిపెట్టారు? ఒక బోరు నీళ్ల కొలత మూడుసార్లు మూడు రకాలుగా వచ్చిందట. వదిలెయ్యకుండా, సీసా కడిగిన పద్ధతి దగ్గరికి పోయి పట్టుకుందట. అది రాశాం. బోర్లు ఏవేవో ఎంచిందీ, నీళ్లు పట్టిందీ తన స్నేహితురాలని రాశాం. పేరు పెట్టి రాశాం. ఆ పిల్ల వద్దే వద్దంది, నీ అవకాశం పాడవుతుందే అని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. ఇద్దరూ చాలాసేపు మేడమీద గుసగుసలాడుకుని దిగొచ్చారు. పేరు ఉండిపోయింది. తొమ్మిది 'ఐ'లలో నాలుగు మాత్రం మిగిలాయి.

ఇదంతా చదివి మీరు సత్యమే జయించిందనుకునేరు. వాళ్ల మాస్టారు ఆ కాగితం చూసి, "ఇంత చరిత్రెందుకమ్మా, ఇందులో అసలైన మాటే లేదే!" అని, తన చేత్తో ఒక వాక్యం చేర్చారు. ఈ అమ్మాయి మా విద్యార్థుల్లో మొదటి ఐదు శాతంలోది అని. అది ఔనో కాదో ఆయనకే తెలియాలి. మేం నోరెత్తలేదు. అమ్మాయికి చోటొచ్చింది. అక్కడి ఆచార్యుడు సీసా కథ చదివి తీసుకున్నాడో, ఐదు శాతం చూసి తీసుకున్నాడో నాకు తెలిసే అవకాశం లేదు. కనిగిరి అమ్మాయి పేరు ఎవరైనా గమనించారా అంటే, వచ్చిన ఉత్తరంలో ఆ ప్రసక్తి లేదు. ఆ పిల్ల ఈమధ్యే పాస్‌పోర్టుకి పెట్టుకుంది. దాని ఇంటిపేరు కూడా మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది.

నిరుడు మే నెలలో మావాళ్లు సామాన్లు సర్దుతుండగా ఆయన వచ్చాడు. ఆ పొగాకు రైతు కొడుకే. ఇప్పుడు అరవై ఏళ్లవాడు, కందుకూరులో ఎరువుల కొట్టు. ఏటా ఉలవపాడు మామిడిపళ్లు ఒక బుట్ట తెచ్చి నాకిచ్చి, కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్తాడు. ముప్పై ఏళ్ల పైచిలుకుగా ఇది మానలేదు. ఎవరైనా పక్కనుంటే, "అప్పట్లో నన్ను అమెరికా పంపాలని కాగితం రాసిచ్చిన మాస్టారు" అని పరిచయం చేస్తాడు.

ఆ రోజు మా మనవరాలు జర్మనీ వెళ్తోందని విని చాలా సంబరపడ్డాడు. దాన్ని పిలిచి, "మీ తాతగారు నాకూ రాసిచ్చారమ్మా. నాకు రాసిపెట్టి లేదు గాని, ఆయన రాయడంలో లోపం లేదు" అన్నాడు. అమ్మాయి నా మొహం చూసింది. దానికి అప్పటికి అంతా తెలుసు. నేను బుట్టలో గడ్డి తొలగించి పళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎప్పుడూ మూడు డజన్లే తెస్తాడు, లెక్కపెట్టక్కర్లేదు.

అమ్మాయి 84 రోజులు ఉండి క్షేమంగా తిరిగొచ్చింది. సీసాలు ఎలా కడగాలో ఇప్పుడు నాకు పాఠం చెబుతోంది.

ఆయన కొట్లో ఈ పత్రిక తెప్పిస్తారు. బేరాలు లేని మధ్యాహ్నాలు చదువుతానని ఆయనే నాతో అన్నాడు. మామిడిపళ్ల కాలానికి ఇంకా నాలుగు నెలలుంది.